పొలం ఉత్తరాలు: దొంగ లోపల ఉండగా వీధిలో కాపలా

ప్రశ్న: అమ్మా, నమస్కారం. రెండెకరాల్లో టమోటా నాటి నలభై ఐదు రోజులయింది. పొద్దున పది దాటితే చాలు, అక్కడక్కడ మొక్కలు తలలు వేలాడేస్తున్నాయి. సాయంత్రానికి మళ్లీ నిలబడుతున్నాయి. పీకి చూస్తే వేర్లనిండా ముడులు. ఇదివరకు వాడిన ఫోరేటు గుళికలు ఇప్పుడు దొరకడం లేదు. దుకాణంలో సూడోమోనాస్ పొడి ఇచ్చారు. ఐదు కిలోలు డ్రిప్పులో వదిలాను. పదిహేను రోజులైనా తేడా లేదు. ముందు పంట దోస. ఈ బ్యాక్టీరియా మందులన్నీ ఉత్త సున్నపు పిండేనా?
– ఒక రైతు, కళ్యాణదుర్గం మండలం, అనంతపురం జిల్లా

జవాబు: మీరు బస్సులో పంపిన రెండు మొక్కలూ అందాయి నాయనా. తడి మట్టితో సహా గోనెపట్టాలో చుట్టి పంపారు, సంతోషం. చాలామంది పీకి, దులిపి, ఎండబెట్టి మరీ పంపుతారు. అప్పుడు నా చేతికి వచ్చేది పొయ్యిలోకి పనికొచ్చే పుల్ల మాత్రమే.

ముందు కాండం ముక్క ఒకటి కోసి గాజుగ్లాసు నీళ్లలో నిలబెట్టాను. పది నిమిషాలు చూసినా పాలలాంటి ధార దిగలేదు. అంటే బ్యాక్టీరియా ఎండుతెగులు కాదు. తర్వాత వేర్లను బకెట్లో మెల్లగా జాడించి తెల్ల పళ్లెంలో పరిచాను. సన్న వేర్లకు పూసలు గుచ్చినట్టు, లావు వేర్లకు అల్లం కొమ్ములు అతికించినట్టు ఉన్నాయి. ఒక బుడిపెను బ్లేడుతో చీల్చి భూతద్దం కింద పెడితే లోపల తెల్లగా, నున్నగా, ఆవగింజ కంటే బాగా చిన్నవి కనిపించాయి. ఒకదాన్ని సూదిమొనతో బయటికి లాగాను. మెడ ఉన్న బుల్లి కూజాలా ఉంది. అది ఆడ పురుగు. దాని వెనక భాగాన బుడిపె అంచుకు గోధుమరంగు జిగురు ముద్ద అంటుకొని ఉంది. గుడ్లన్నీ అందులోనే. మామూలుగా ఒక్కో ముద్దలో మూడు నుంచి ఐదు వందల దాకా ఉంటాయి. నేల వెచ్చగా ఉంటే గుడ్డు నుంచి మళ్లీ గుడ్డు దాకా నెల రోజులు చాలు. దోసకు పుట్టిన సంతానం ఆకలితో కాచుకొని ఉన్న నేలలో మీరు టమోటా నాటారు. నలభై ఐదు రోజులకు రెండో తరం కూడా వేరెక్కింది. ఇది వేరుబుడిపె నులిపురుగు. నులిపురుగునే నెమటోడు అని కూడా అంటారు. ఇందులో నాకు అనుమానం లేదు.

పగలు వాడి సాయంత్రం తేరుకోవడానికి కారణమూ అదే. ఈ పురుగు వేరుకొన దగ్గర దూరి, నీళ్లు మోసే గొట్టాల పక్కకు చేరి, అక్కడి కణాలు కొన్నింటిని ఉబ్బించి తన గాదెలుగా మార్చుకుంటుంది. ఇక అక్కడి నుంచి కదలదు. గొట్టాలు వంకర తిరిగి నలిగిపోతాయి. ఎండ ముదిరే వేళకు ఆకు అడిగినన్ని నీళ్లు వేరు పంపలేదు. డ్రిప్పు ఇంకో గంట ఎక్కువ వదిలినా ప్రయోజనం ఉండదు.

ఇక మీ అసలు ప్రశ్న. పొడి మంచిదో కాదో నేను చూడలేదు. కానీ అది మేలిరకం పొడే అయినా, నాటిన నెలకు వదిలితే మీకు ఇంతకంటే ఎక్కువ చేసేది కాదు. సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ గానీ, బాసిల్లస్ సబ్టిలిస్ గానీ వేరు పైతొక్కను ఆక్రమించి బతికే జీవులు. వేరు నుంచి ఊరే చక్కెరలు తింటూ పైన పొరలా అల్లుకుంటాయి. నులిపురుగు పిల్ల వేరును వెతుక్కునేది ఆ ఊటల వాసన పట్టుకునే. ఆ ఊటలను ఈ బ్యాక్టీరియా తినేస్తే దానికి దారి తప్పుతుంది. కొన్ని రకాలు వదిలే రసాయనాలు పిల్లలను మందగింపజేస్తాయి, గుడ్లు పొదగకుండా చెడగొడతాయి. మొక్కకూ ఒక హెచ్చరిక అందుతుంది, అది తన రక్షణను ముందే సిద్ధం చేసుకుంటుంది. గమనించండి, ఇవన్నీ పురుగు బయట ఉన్నప్పుడు జరిగే పనులు. మీ చేలో పురుగు లోపల పీట వేసుకొని కూర్చుంది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు అంటారే, అదే జరిగింది. ఇందులో కుక్క తప్పేమీ లేదు.

ఒక మినహాయింపు చెప్పాలి. పాస్టూరియా అనే బ్యాక్టీరియా ఉంది. దాని బీజాలు మట్టిలో తిరిగే పురుగు పిల్ల ఒంటికి పల్లేరుకాయల్లా అంటుకుంటాయి. పిల్ల వేరులోకి దూరితే అవీ దానితోపాటే లోపలికి వెళ్లి, పెరిగిన ఆడపురుగు కడుపులో గుడ్లకు బదులు లక్షలాది బీజాలతో నిండిపోతాయి. చదివినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. కానీ దాన్ని పెంచడానికి మామూలుగా బతికున్న నులిపురుగు కావాలి, అందుకే సూడోమోనాస్‌లా ప్యాకెట్లకొద్దీ తయారు చేయడం కష్టం.

ఈ పంటను ఎలా గట్టెక్కించాలి? నీళ్లు ఒకేసారి కాకుండా కొద్దికొద్దిగా, తరచుగా ఇవ్వండి. మొక్క మొదటికి మాగిన పశువుల ఎరువు వేసి మట్టి ఎగదోయండి. టమోటా కాండానికి మట్టి తగిలితే కొత్త వేర్లు పుడతాయి. ఆ కొత్త వేర్లకు పురుగు ఇంకా ముట్టలేదు కాబట్టి బ్యాక్టీరియాకు పని దొరికేది అక్కడే. మీ దగ్గర మిగిలిన పొడి ఉంటే ఆ ఎరువులో కలపండి, డ్రిప్పులో కాదు. బాగా దెబ్బతిన్న వరుసలకు ఫ్లూయోపైరామ్ లాంటి కొత్త నులిపురుగు మందు వాడాలా వద్దా అన్నది కాపు దశను బట్టి ఉంటుంది. రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లకు ఒక మొక్క చూపించి నిర్ణయించుకోండి. మందు వేశాక కోతకు ఎన్ని రోజులు ఆగాలో తప్పకుండా అడగండి. కక్కలపల్లి మండీలో ధర ఉందని మర్నాడే కోసేవాళ్లను చూశాను. ఫోరేటు సంగతి మర్చిపోండి. 2020 డిసెంబరు 31 తర్వాత దాని అమ్మకం, వాడకం నిషేధం. ఎవరి దగ్గరైనా పాత నిల్వ ఉందన్నా కొనకండి.

పంట తీశాక చెట్లు కోసి వేర్లు నేలలో వదలవద్దు. పలుగుతో పెకలించి, గట్టుమీద ఎండబెట్టి కాల్చండి. ఒక్కో వేరు మీద ఎన్ని వందల గుడ్ల ముద్దలు ఉంటాయో పళ్లెంలో చూసిన నాకు తెలుసు. దాన్ని రోటావేటరుతో తిప్పి చేనంతా చల్లడం కంటే విత్తనాల గొర్రుతో నులిపురుగును విత్తడం మేలు, కనీసం సాలు వరుసగా వస్తుంది. తర్వాతి పంటగా దోస, కాకర, వంగ, బెండ, మిరప వద్దు. మన దగ్గర టమోటాను ఎక్కువగా పట్టే ఇన్‌కాగ్నిటా జాతి పురుగు వేరుశనగ వేరులో బతకలేదు. కాబట్టి వచ్చే ఖరీఫ్‌కు వేరుశనగ వేసి, గట్ల వెంబడి రెండు సాళ్లు బంతి పెట్టండి. విత్తనాల దుకాణంలో ‘నెమటోడును తట్టుకునే టమోటా’ అని చెబితే వెంటనే పొంగిపోవద్దు. ఆ గుణాన్ని ఇచ్చే ఎంఐ అనే జన్యువు నేల వేడి 28 డిగ్రీలు దాటితే నిద్రపోతుంది. మార్చి నెలలో కళ్యాణదుర్గం నేల ఎంత కాలుతుందో నేను చెప్పనక్కర్లేదు.

బ్యాక్టీరియాను మళ్లీ నమ్మాలంటే నారుమడి నుంచి మొదలుపెట్టండి. ఇంతసేపూ దీనికోసమే రాస్తున్నాను. ఏప్రిల్, మే నెలల్లో నారుమడి జాగాను మెత్తగా దున్ని, బాగా తడిపి, పలుచని పారదర్శక పాలిథీన్ షీటు పరిచి అంచులు మట్టితో కప్పండి. నల్లషీటు వద్దు, ఎండ లోపలికి దిగాలి. నాలుగు నుంచి ఆరు వారాలు కదపకండి. అనంతపురం ఎండను ఏడాదంతా తిట్టుకుంటాం, ఒక్క ఈ పనికి మాత్రం దాన్ని మించిన కూలీ లేడు. ఎండ పై నేలలోని మంచీ చెడూ రెండింటినీ ఖాళీ చేస్తుంది. ఖాళీ ఇంట్లో ముందు ఎవరు దిగితే వాళ్లదే పెత్తనం, కనుక షీటు తీసిన వారంలోనే మనవాళ్లను దించాలి. విత్తనానికి కిలోకు పది గ్రాముల సూడోమోనాస్ పట్టించండి. ప్రోట్రేలలో, అంటే గుంతల ప్లాస్టిక్ పళ్లేల్లో నారు పెంచేవాళ్లు కోకోపీట్‌లోనే (కొబ్బరిపీచు పొట్టులోనే) కలపండి. నాటే రోజు లీటరు నీళ్లకు పది గ్రాములు కలిపి నారు వేర్లను అరగంట ముంచండి. నారు బయట కొంటే మాత్రం ఒక ట్రే అడిగి, ఒక మొక్కను దుకాణదారు ఎదుటే కడిగి చూడండి. ఆయన విసుక్కుంటే ఇంకో నర్సరీకి వెళ్లండి.

చేనుకు వేసేది ఎరువులో పెంచి వేయాలి. ఎకరాకు తొంభై కిలోల మాగిన పశువుల ఎరువు, పది కిలోల వేపపిండి, రెండు కిలోల పొడి కలిపి, చింతచెట్టు కిందో పందిరి కిందో కుప్ప పోసి గోనెసంచులతో కప్పండి. రోజు విడిచి రోజు నీళ్లు చిలకరించండి. గుప్పిట్లో పిండితే ముద్ద కావాలి, నీళ్లు కారకూడదు. పది పదిహేను రోజుల్లో కుప్ప పైన సన్నని బూజులాంటి పొర కనిపిస్తుంది, వాన పడిన మట్టి వాసన వస్తుంది. కుళ్లు వాసన వస్తే నీళ్లు ఎక్కువయ్యాయని అర్థం. ఆ ఎరువును బోదెల్లో నాటే సాలు వెంట వేసి, అదే సాయంత్రం కప్పేయండి. పగటి ఎండలో చల్లి మర్నాడు కప్పుదామనుకుంటే మీరు చల్లింది ఎరువు మాత్రమే.

పొడి ఎందుకు చస్తుందో నాకు సొంత ఖర్చుతో తెలిసింది. ఎనిమిదేళ్ల కిందట మార్చిలో పది ప్యాకెట్ల సూడోమోనాస్ కొని, మా బోరు దగ్గరి రేకుల షెడ్డులో గూటి మీద పెట్టాను. మే నెలాఖరున వంగ నారుమడికి వాడాను. ఆగస్టులో ప్రతి మొక్కకూ పూసలే. కంపెనీని, దుకాణాన్ని, చివరికి నాకు పాఠం చెప్పినవాళ్లను కూడా తిట్టుకున్నాను. ఒకరోజు మధ్యాహ్నం అదే షెడ్డులో పార కోసం వెళ్లి, రేకు కింద నిలబడలేక బయటికి పరుగెత్తినప్పుడు బుద్ధి వచ్చింది. సూడోమోనాస్ బీజాలు కట్టదు, ప్యాకెట్లో ఉన్నవి బతికున్న కణాలే. నేను వాటిని రెండు నెలలు వేయించి నారుకు వడ్డించాను. బాసిల్లస్ అలా కాదు, గట్టి బీజంగా ముడుచుకొని వేడిని ఓర్చుకుంటుంది. అందుకే మన జిల్లాలో ఎండాకాలం కొని నిల్వ పెట్టక తప్పకపోతే నా ఓటు బాసిల్లస్‌కే. ప్యాకెట్టు మీద తయారీ తేదీ, గడువు, గ్రాములో బతికున్న కణాలెన్నో చెప్పే సి.ఎఫ్.యు. అంకె, మూడూ ఉంటేనే డబ్బులివ్వండి. ఎండ తగిలే అరలో పెట్టి ఉంటే, ఆ మూడూ ఉన్నా ఇవ్వకండి.

ప్రశ్న: మా వేరుశనగ చేలో మొక్కలు పీకితే వేర్లకు గుండ్రని కాయల్లాంటివి ఉన్నాయి. పక్కచేను వాళ్లు నెమటోడు అంటున్నారు. గుళికలు చల్లమంటారా?
– వేంపల్లె, కడప జిల్లా

జవాబు: అయ్యో, ఆగండి! వేలితో గీకి చూడండి. వేరు దెబ్బతినకుండా పక్కనుంచి పూసలా ఊడొచ్చిందా? గోటితో చిదిమితే లోపల గులాబీరంగు, ఎర్రటి రసం ఉందా? ఉంటే అవి రైజోబియం బ్యాక్టీరియా కాపురాలు. గాలిలోని నత్రజనిని పట్టి మీ చేనుకు ఉచితంగా యూరియా పోస్తున్నాయి. నులిపురుగు బుడిపె అలా ఊడదు. ఉబ్బింది వేరే కాబట్టి, లాగితే వేరు తెగుతుంది. ఫొటోలో చూస్తే మీవి పక్కకు వేలాడుతున్న గుండ్రటి పూసలు. ఆకులు కూడా పచ్చగానే ఉన్నాయి. పక్కచేను వాళ్లకు కూడా గోటితో చిదిమి చూపించండి.

ప్రశ్న: రాయదుర్గం దగ్గర మూడెకరాల దానిమ్మ, మూడో ఏడు. ఆకులు పసుపుబారుతున్నాయి, వేర్లకు బుడిపెలు ఉన్నాయి. ప్రతి నెలా డ్రిప్పులో సూడోమోనాస్ వదులుతున్నాను. మచ్చతెగులు కోసం కాపర్ ఆక్సీక్లోరైడ్, స్ట్రెప్టోసైక్లిన్ కూడా పాదుల్లో పోస్తున్నాను. డబ్బులు పోతున్నాయి తప్ప ఫలితం లేదు.
– దానిమ్మ రైతు

జవాబు: ఒక చేత్తో దింపి ఇంకో చేత్తో చంపుతున్నారు. స్ట్రెప్టోసైక్లిన్ బ్యాక్టీరియాను చంపే మందు. ఏది తెగులు బ్యాక్టీరియా, ఏది మీరు కొనితెచ్చిన బ్యాక్టీరియా అని అది అడగదు. రాగి మందూ అంతే. మచ్చతెగులు ఆకులకూ కాయలకూ కదా, ఆ మందుల పని అక్కడే. పాదుల్లో పోయడం మానండి. పిచికారీకి, బ్యాక్టీరియా ఎరువుకు మధ్య రెండు వారాలు విడుపు ఇవ్వండి. డ్రిప్పు గొట్టాలు శుభ్రం చేయడానికి ఆసిడ్ గానీ క్లోరిన్ గానీ వదిలిన వారంలో కూడా వద్దు. ఇంకోటి, పొడిలో ఉండే టాల్కు డ్రిప్పర్లను మూసేస్తుంది. అందుకే పాదు అంచున నాలుగు వైపులా జానెడు లోతు తవ్వి, పైన కళ్యాణదుర్గం రైతుకు చెప్పిన కుప్ప ఎరువును చెట్టుకు రెండు మూడు కిలోల చొప్పున వేసి కప్పండి. వేర్లు తెగకుండా పారతో కాక చేతిగొర్రుతో తవ్వించండి.

మీ తోటకు ఈ పురుగు ఎలా వచ్చిందని ఉత్తరంలో అడగలేదు, కానీ చెబుతాను. అంట్లు నల్ల సంచుల్లో వచ్చాయన్నారు కదా, ఆ సంచుల్లోని ఎర్రమట్టిలోనే వచ్చి ఉండాలి. మూడేళ్లకు బయటపడింది. తమ్ముడి తోటకు అంట్లు కొనబోతున్నామని రాశారు కాబట్టి, ఈసారి సంచి చించి వేరు చూడకుండా లారీ ఎక్కించకండి. మన దేశంలో వేరుబుడిపె పురుగును మొదట గుర్తించింది 1901లో, నీలగిరుల్లోని దేవాలా తేయాకు తోటలో. ఆనాటి పురుగు కాళ్లు లేకుండానే ఇంత దేశం తిరిగిందంటే, సగం ప్రయాణం నారు బుట్టల్లోనే చేసి ఉంటుంది.

ప్రశ్న: చీనీ (బత్తాయి) తోట క్రమంగా ఎండిపోతోంది. కొమ్మల చివరలు మోడులవుతున్నాయి. నెమటోడేమోనని వేర్లు చూస్తే బుడిపెలు లేవు. కాబట్టి అది కాదనుకోవచ్చా?
– పులివెందుల

జవాబు: అనుకోకూడదు. చీనీని పట్టే నులిపురుగు వేరేది, అది బుడిపెలు కట్టదు. సగం ఒళ్లు వేరులో, సగం బయట పెట్టుకొని బతుకుతుంది. దాని జిగురుకు మట్టి అంటుకొని పీచువేర్లు కడిగినా శుభ్రపడవు, మురికి దారాల్లా ఉంటాయి. గిన్నెడు నీళ్లలో మూడుసార్లు జాడించాక కూడా మట్టి వదలని వేరు కనిపిస్తే అనుమానించండి. నీడపట్టున తడిగా ఉన్న పాదుల మట్టి, పీచువేర్లు పావుకిలో సంచిలో కట్టి పరీక్షకు ఇవ్వండి. అవునని తేలితే వేపపిండి, బ్యాక్టీరియా ఎరువు పద్ధతి దీనికీ అదే. కాకపోతే ముదిరిన తోట తేరుకోవడానికి ఒక కాపు కాదు, రెండు కాపులు పడుతుంది. వేరుకుళ్లు ఉందేమో కూడా అదే రోజు చూపించుకోండి, చీనీ ఎండడానికి ఒకటే కారణం ఉండడం అరుదు.

ప్రశ్న: రెండు వందల లీటర్ల డ్రమ్ములో బెల్లం నీళ్లు పోసి కిలో సూడోమోనాస్ కలిపితే వారంలో వంద కిలోలతో సమానమవుతుందని ఒక వీడియోలో చెప్పారు. నిజమేనా?
– తాడిపత్రి

జవాబు: వారంలో డ్రమ్ము నిండా ఏవో పెరుగుతాయి, అది నిజం. అవి సూడోమోనాసే అని డ్రమ్ముకు ఎవరు చెప్పారు? బెల్లం నీళ్లంటే నేలలో, గాలిలో, మూత మీద, కలిపే కట్టె మీద ఉన్న ప్రతి జీవికీ పెళ్లిభోజనమే. పెట్టిన విందుకు పిలిచినవాళ్లకంటే పిలవనివాళ్లే ముందు వస్తారు. ప్రయోగశాలల్లో అన్నీ ఆవిరిలో ఉడికించి శుద్ధి చేశాక గానీ దీన్ని పెంచరు. నేనూ ఒకసారి చేశాను. మూడో రోజుకు పుల్లని కల్లు వాసన వచ్చింది, ఐదో రోజుకు మూత తీస్తే ఈగలు ముసిరాయి. మీరు ఇప్పటికే కలిపేసి ఉంటే నారుమడికి మాత్రం పోయకండి, ఎరువుకుప్ప మీద పోయండి. డ్రమ్ము కడిగి నీళ్లకు వాడుకోండి.